ఇంగ్లండు పల్లెలలోని కూలీల కుటీరములు

దేశచరిత్రములు వ్రాయువారు కోటలను, దేవాలయములను, రాజసౌధములను వర్ణించుటకు అలవాటుపడినారు. ఆ కోటకు రాయి మోసినవాడును, ఆ రాజు భుజించిన యన్నమునకు ధాన్యము పండించినవాడును ఎట్టి యింట తల దాచుకొనిరో తెలుపు గ్రంథములు అరుదు. కోట రాతికట్టడము గావున నిలిచినది. కూలివాని యిల్లు మట్టియు గడ్డియు గావున నశించినది అని కొందఱందురు. ఇది సగము సత్యము మాత్రమే. వానకు గాలికి పడిపోయిన యిండ్లు కొన్ని. యజమానులు బుద్ధిపూర్వకముగా పడగొట్టించినవి మఱికొన్ని. ఇంగ్లండు పల్లెల చరిత్రము ఈ విషయమున మనకు మిక్కిలి బోధకరము.

ఆ దేశమున నేలనుబట్టి యిల్లు మాఱును. డెవన్ మండలమున మట్టిలో గడ్డి కలిపి త్రొక్కి, ఒక వరుస ఆఱినపిమ్మట దానిపై నింకొక వరుస పెట్టి మందమైన గోడ లేపుదురు. వారు దీనిని ‘కాబ్’ అందురు. మట్టిగోడలు పెట్టు మన పల్లెవాడు దానిని చూచినచో వింతపడడు. కలప దొఱకు తావులలో దూలములతో చట్రము నిలిపి, నడుమ తడిక యల్లి, దానిపై మట్టి మెత్తుదురు. కాట్స్‌వోల్డ్ కొండలలో సున్నపురాయి సమృద్ధిగా నుండుటచే గోడయు రాయియే, కప్పును రాతిపలకలే. మట్టిగోడకు శత్రువు తేమ. అడుగున రాతికట్టు, పైన ముందుకు సాగిన చూరు, ఈ రెండును చక్కగా నున్నచో మట్టియిల్లు కొన్ని వందల యేండ్లు నిలుచును. కాలము మాఱి సిమెంటు పూత పూసినచోట లోని తేమ వెలికి పోజాలక గోడ చెడినది. అందుచే నేటి మరమ్మతుదారులు మరల సున్నమునే వాడుచున్నారు.

గ్లాస్టర్‌షైరులోని బైబరీ గ్రామమున ఆర్లింగ్టన్ రో యను ఇండ్ల వరుస గలదు. క్రీ. శ. 1380 ప్రాంతమున అది సన్యాసుల మఠమువారి ఉన్ని కొట్టుగా కట్టబడెను. పదునేడవ శతాబ్దమున దానిని అడ్డుగోడలతో విభజించి నేతగాండ్రకు ఇండ్లుగా మార్చిరి. వారు నేసిన బట్ట చేరువనున్న మిల్లులో శుద్ధియై, ఎదుటి పచ్చికబయలున కొయ్యచట్రములపై ఆఱెడిది. నేడు చూడవచ్చువారు ఆ వరుసను చూచి ముచ్చటపడుదురు. మూరెడు కిటికీవెలుగున నేత నేసినవాని కన్నుల మాట వారికి తోచునో తోచదో!

ఇక పడగొట్టిన చరిత్రము. 1589లో ఎలిజబెత్తు రాణి కాలమున నొక శాసనము పుట్టెను. నాలుగెకరముల భూమి చేర్చకుండ క్రొత్త కుటీరము కట్టరాదని దాని యాజ్ఞ. ఇది 1775 వఱకు రద్దు కాలేదు. ఇంతకంటె ఘోరమైనది బీదల పోషణ చట్టముయొక్క ఫలితము. ప్రతి పారిషును, అనగా ప్రతి గ్రామపరిధియు, తన బీదలను తానే పోషింపవలెను. కూలివానికి ఊరిలో ఇల్లున్నచో వాడు ముసలియైననాడు పన్ను భారము భూస్వామిమీద పడును. ఇల్లే లేకున్న ఆ భారము లేదు! కావున గ్రామమంతయు తన చేతిలో నున్న భూస్వామి కుటీరములను పడగొట్టించి, కూలీలను పొరుగూళ్లకు తోలి, ప్రతిదినము క్రోసుల దూరము నడిపించి పని చేయించుకొనుచుండెను.

1864లో డాక్టరు హంటరు ప్రభుత్వపక్షమున విచారణ జరిపి 5,375 కుటీరములను పరీక్షించెను. వానిలో 2,195 ఇండ్లకు పడకగది యొక్కటియే. 2,930 ఇండ్లకు రెండు. అంతకు మించినవి 250 మాత్రమే. 821 గ్రామపరిధులలో 1851 మొదలు 1861 వఱకు జనము నూటికి అయిదుకు పైగా పెరుగగా, ఇండ్లు నూటికి నాలుగున్నర తగ్గినవని కూడ తేలెను. మఱుసటి సంవత్సరమున, 1865లో, ఆ పన్ను భారమును అనేక పారిషులకు ఉమ్మడిగా చేసిన పిమ్మటనే పడగొట్టుట లాభకరము కాకపోయెను. మనుష్యుని దయ చేయలేనిపనిని పన్నుల లెక్క చేసినది!

దయాళువులు లేకపోలేదు. 1781లో జాన్ వుడ్ అను శిల్పి కూలీల యిండ్లకు నమూనాలు గీసి గ్రంథముగా ప్రకటించెను. ఆ యింట నుండువాని స్థితిలో తన్ను తాను ఊహించుకొననివాడు వానికి తగిన యిల్లు గీయలేడని యతని సిద్ధాంతము. కాని సంపన్నులు పలువురు వేఱొక త్రోవ పట్టిరి. డార్సెట్‌లో లార్డు మిల్టను తన సౌధమునొద్దనున్న పాతయూరిని క్రమముగా తొలగించి, 1780 ప్రాంతమున దూరముగా మిల్టన్ ఆబ్స్ అను క్రొత్తయూరిని ఒకే అచ్చు కుటీరములతో కట్టించెను. బ్రిస్టలు చెంత 1811లో జాన్ నాష్ రచించిన బ్లేయిజ్ హామ్లెట్టులోని తొమ్మిది యిండ్లు బొమ్మలవలె సుందరములు. పనివారికి వృద్ధాప్యమున నిచ్చినవి. అవి దాతల యిండ్లు. చార్టిస్టు నాయకుడు ఫియర్గస్ ఓకానరు 1845లో స్థాపించిన భూమి సంఘము వేఱు తెఱగు. పేదలే అణాపైసలు కూర్చి, చీట్లు వేసి, ఎవరి పేరు వచ్చిన వారికి రెండు మొదలు నాలుగెకరముల భూమియు, ఒక కుటీరమును ఇచ్చుచుండిరి. సుమారు 250 ఇండ్లు లేచినవి. లెక్కల చిక్కులవలనను చట్టపు టడ్డంకులవలనను 1851లో సంఘము మూతపడినది. అయినను ఆ యిండ్లలో కొన్ని నిలిచియున్నవి. వానిలో డాడ్‌ఫర్డు గ్రామమందలి రోజ్‌డీన్ కుటీరమును నేషనల్ ట్రస్టు సంస్థ కాపాడుచున్నది.

సంరక్షణ చట్టములు తొలుత ఈ యిండ్లను లెక్కింపలేదు. 1882 నాటి చట్టము ఆదిమకాలపు ఱాళ్లకు, సమాధులకు ప్రాధాన్యమిచ్చెను. 1913 నాటి చట్టము జనులు కాపురమున్న యిండ్లను తన రక్షణనుండి తొలగించెను. 1926లో పల్లె పనివారి గృహముల చట్టము వచ్చి, పాతకుటీరములను బాగుచేయుటకు ధనసహాయమిచ్చి, అందు పనివారే యుండవలెననియు అద్దె మితముగా నుండవలెననియు నియమించెను. గోడను, గోడలోని మనుష్యుని ఒక్కసారి రక్షింపబూనిన చట్టమిది యొక్కటే యని మా యభిప్రాయము. 1947 తరువాత విశిష్టములైన కట్టడముల పట్టికలు దేశమంతట సిద్ధమైనవి. కూలీల కుటీరములును వానిలో చేరినవి.

ఇక్కడనే చిక్కు గలదు. యంత్రములు వచ్చి పొలములో కూలీలు తగ్గగా పట్టణపు ధనికులు ఆ కుటీరములను కొనిరి. వెల పెరిగెను. గోడయు కప్పును భద్రములైనవి. కూలివాని మనుమడు తాత యింటిని కొనలేని స్థితికి వచ్చెను. పనిపోయిననాడే ఇల్లు పోవు దురవస్థనుండి వ్యవసాయపు కూలీలకు రక్షణ 1976 నాటి చట్టము వచ్చువఱకు లభింపలేదు.

వేఱొక మార్గమును లేకపోలేదు. 1834లో డార్సెట్‌లోని టాల్‌పడిల్ గ్రామపు టాఱుగురు కూలీలు, సంఘము కట్టి రహస్యప్రమాణము చేసిరను నేరముపై ద్వీపాంతరమునకు పంపబడిరి. నూరేండ్ల పిమ్మట, 1934లో, కార్మికసంఘములవారు వారి పేర ఆఱు కుటీరములు కట్టి వృద్ధులైన వ్యవసాయపు కూలీలకు కాపురముంచిరి. స్మారకచిహ్నమనగా శిలావిగ్రహమే కానక్కఱలేదు. పేదవాడు నివసించు ఇల్లును స్మారకమే.

కాఱుచున్న యింటిని అందము పేరిట నిలిపి అందు పేదలను ఉంచుమని మేము చెప్పుట లేదు. అది చరిత్రభక్తి కాదు, క్రౌర్యము. మేము కోరునది రెండే. నిలుపదగిన యిల్లు నిలిచినచో అందు పనిచేయు జనులకు చోటుండవలెను. పడగొట్టక తప్పని యింటి కొలతలను, కట్టిన పద్ధతిని, అందు బ్రదికినవారి కథను ముందుగా వ్రాసి యుంచవలెను. మన పల్లెలలోని పాలికాపు పాకను, నేతగాని మగ్గపుగుంటను చూచి యెఱిగిన వృద్ధులు ఇంకను గలరు. వారిని అడిగి వ్రాసికొనుటకు చట్టము రావలసిన పని లేదు. ఒక కాగితమును, ఓపికయు చాలును.