ఆడవాళ్ళ కోసం పుట్టిన ఆట: ఒక లైప్‌జిగ్ క్లబ్బు చరిత్ర

జర్మన్ భాషలో ఆటల జట్టుని 'మాన్‌షాఫ్ట్' అంటారు. 'మాన్' అంటే మగవాడు. ఆడవాళ్ళు జట్టుగా ఆడితే ఆ మాటకి ముందు స్త్రీ అనే పదం తగిలించి 'ఫ్రావెన్‌మాన్‌షాఫ్ట్' అంటారు. మన మాటల్లో చెప్పుకుంటే 'ఆడవాళ్ళ మగదండు'. రోజూ ఆ మాట వాడేవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు. మనకి మాత్రం కనిపిస్తుందా? 'క్రికెట్' అని రాస్తే మగవాళ్ళ క్రికెట్టే. ఆడవాళ్ళదైతే ముందు 'మహిళా' అని చేర్చాలి. విశేషణం మోసే పని ఎక్కడైనా మనదే.

స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో తూర్పు జర్మనీ రచయిత్రులను అనువాదాల్లో చదివాను. క్రిస్టా వోల్ఫ్, ఇర్మ్‌ట్రావ్ట్ మోర్గ్‌నర్ ఇద్దరూ లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాళ్ళు. లూయిజ్ ఒట్టో-పీటర్స్ 1865లో అఖిల జర్మన్ మహిళా సంఘాన్ని స్థాపించిందీ ఆ ఊళ్ళోనే. మార్చి ఎనిమిదిని మనకిచ్చినవాళ్ళలో ఒకరైన క్లారా జెట్కిన్ టీచరు శిక్షణ పొందిందీ అక్కడే. ఆ ఊరి గురించి కనిపించినదల్లా చదువుతూ పోతే ఒక హ్యాండ్‌బాల్ క్లబ్బు తగిలింది. నాకు ఆటలతో పెద్ద సంబంధం లేదు. కానీ ఆ క్లబ్బు కథ నేను చదువుతున్న ఆత్మకథల కంటే తక్కువదేమీ కాదనిపించింది. తేడా ఒక్కటే. ఇక్కడ స్త్రీలు మాట్లాడరు, స్కోర్లు మాట్లాడతాయి.

క్లబ్బు దగ్గరికి వెళ్ళేముందు ఆ ఆట పుట్టుక తెలియాలి. 1917 అక్టోబరు 29న బెర్లిన్‌లో మాక్స్ హైజర్ అనే వ్యాయామ శిక్షకుడు ఒక ఆటకి నియమాలు ఖాయం చేసి దానికి 'హ్యాండ్‌బాల్' అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం నాలుగో ఏడు నడుస్తోంది. మగవాళ్ళు యుద్ధరంగంలో ఉన్నారు, ఆడవాళ్ళు ఆయుధాల కర్మాగారాల్లో ఉన్నారు. హైజర్ ఆ నియమాలు రాసింది ఆడవాళ్ళ కోసం. ఒకరి ఒళ్ళు ఒకరికి తగలకూడదు, బంతి కోసం పెనుగులాడకూడదు. ఫుట్‌బాల్ మొరటుది కనుక మగవాళ్ళకి, ఇది నాజూకుది కనుక ఆడవాళ్ళకి. పన్నెండు గంటలు ఫిరంగి గుళ్ళు మోసే చేతులకి బంతి దగ్గరికొచ్చేసరికి నాజూకుతనం ఎలా వస్తుందో ఎవరూ అడిగినట్టు లేదు.

రెండేళ్ళు గడిచాయి. యుద్ధం ముగిసింది, మగవాళ్ళు తిరిగొచ్చారు. 1919లో కార్ల్ షెలెంట్స్ అనే బెర్లిన్ వ్యాయామోపాధ్యాయుడు ఆ ఆటని అబ్బాయిలకి నచ్చేలా తిరగరాశాడు. బంతిని చిన్నది చేశాడు, ఎదుటివాళ్ళని ఒంటితో అడ్డుకోవచ్చన్నాడు. వేగం వచ్చింది, దెబ్బలాట వచ్చింది, జనం వచ్చారు. 'హ్యాండ్‌బాల్ పితామహుడు' అన్న బిరుదు షెలెంట్స్‌కి వచ్చింది. ఆటకి తల్లి ఎవరని వెతికితే ఎవరూ దొరకరు. 1917లో ఆ మైదానంలో పరిగెత్తిన ఆడపిల్లల పేర్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు.

హైజర్ నియమాలు పోయాయని నేనేమీ దుఃఖపడను. అవి ఆటకి వేసిన ఓణీలాంటివి. కానీ ఓణీ తీసేశాక ఆట ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. మన హైస్కూళ్ళు గుర్తు తెచ్చుకోండి. అబ్బాయిలకి వాలీబాల్, అమ్మాయిలకి త్రోబాల్, లేకపోతే టెన్నికాయిట్ రింగు. బంతిని కొట్టకూడదు, పట్టుకుని మెల్లగా విసరాలి. నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో గ్రౌండు మధ్యభాగం మగపిల్లలది, గోడ పక్కన మిగిలిన జాగా మాది. ఆ గోడ బెర్లిన్‌లోనూ ఉంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో మైదానపు హ్యాండ్‌బాల్ పెట్టారు. జట్టుకి పదకొండుమంది, ఆరు దేశాలు, అందరూ మగవాళ్ళే. నాజీ జర్మనీ ఆస్ట్రియాని ఓడించి బంగారు పతకం తీసుకుంది. హాలులో ఆడే ఏడుగురి హ్యాండ్‌బాల్‌లో మగవాళ్ళ ప్రపంచపోటీలు 1938లో మొదలైతే ఆడవాళ్ళవి 1957లో. ఒలింపిక్స్‌కి మగవాళ్ళ ఇండోర్ ఆట 1972లో వస్తే ఆడవాళ్ళది 1976లో. ఆడవాళ్ళ కోసం పుట్టిన ఆట ఆడవాళ్ళ చేతుల్లో ఒలింపిక్స్‌కి చేరడానికి 59 ఏళ్ళు పట్టిందన్నమాట.

ఇప్పుడు లైప్‌జిగ్. అచ్చు యంత్రాల ఊరు, పుస్తకాల సంతల ఊరు, రైళ్ళ ఊరు. తూర్పు జర్మనీలో క్రీడాసంఘాలు పరిశ్రమల పేర్లతో ఉండేవి. అచ్చు, పత్రికా రంగాలది 'రోటాట్సియోన్', రైల్వే వాళ్ళది 'లోకోమోటివ్'. లైప్‌జిగ్‌లోని ఆ రెండు క్లబ్బులనీ 1963లో కలిపేసి 'ఎస్.సి. లైప్‌జిగ్' చేశారు. మూడేళ్ళకే 1966లో ఆ క్లబ్బు ఆడవాళ్ళ హ్యాండ్‌బాల్ జట్టు యూరోపియన్ కప్పు గెలిచింది. అదే ఏడు అదే ఊళ్ళోని మరో క్లబ్బు, క్రీడా కళాశాలకి చెందిన 'ఎస్.సి. డి.హెచ్.ఎఫ్.కె.' మగవాళ్ళ జట్టు కూడా మగవాళ్ళ యూరోపియన్ కప్పు గెలిచింది. ఒకే ఏడాది, ఒకే ఊరికి రెండు కప్పులు. ఆ తర్వాత డి.హెచ్.ఎఫ్.కె. మగవాళ్ళు ఆ కప్పు మళ్ళీ గెలవలేదు. ఎస్.సి. లైప్‌జిగ్ ఆడవాళ్ళు 1974లో మళ్ళీ గెలిచారు. ఈ రెండు జట్ల పేర్లూ గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతాయి.

1969లో తూర్పు జర్మనీ పార్టీ ఒక లెక్క వేసింది. ఏ ఆటకి ఎంత ఖర్చు, ఎన్ని పతకాలు? బాస్కెట్‌బాల్, హాకీ, వాటర్‌పోలో వంటి ఆటలకి గిట్టుబాటు లేదని తేల్చి వాటి పోషణ ఆపేశారు. హ్యాండ్‌బాల్ బతికి బయటపడింది. ఆడవాళ్ళు ఆ నమ్మకాన్ని వమ్ము చెయ్యలేదు. తూర్పు జర్మనీ ఆడవాళ్ళు 1971, 1975, 1978 ప్రపంచపోటీల్లో గెలిచారు. 1976 మాంట్రియల్‌లో రజతం, 1980 మాస్కోలో కాంస్యం.

ఈ విజయాలన్నిటిలోనూ ఉన్న ఒక ఆటగత్తె వాల్‌ట్రావ్ట్ క్రెచ్‌మార్. ఎస్.సి. లైప్‌జిగ్ క్రీడాకారిణి. భర్త పీటర్ కూడా హ్యాండ్‌బాల్ ఆడినవాడే, తర్వాత ఆడవాళ్ళ జట్టుకి కోచ్ అయ్యాడు. వాళ్ళ కొడుకు స్టెఫాన్ 1973 ఫిబ్రవరిలో పుట్టాడు. అంటే ఆమె మూడు ప్రపంచ విజయాల్లో ఒకటి బిడ్డ పుట్టకముందుది, రెండు పుట్టాక వచ్చినవి. ఇది మామూలు విషయం కాదు. ప్రసవం అయ్యాక తిరిగి కోర్టు మీదికి రావడమంటే ఏమిటో ఆడవాళ్ళందరికీ తెలుసు, ఆట ఆడకపోయినా సరే. స్టెఫాన్ క్రెచ్‌మార్ కూడా గొప్ప ఆటగాడయ్యాడు. 2004 ఏథెన్స్‌లో రజత పతకం సాధించాడు. పచ్చబొట్లు, రంగుల జుట్టు, టీవీ, హ్యాండ్‌బాల్ తెలియని జర్మన్లకీ అతను తెలుసు. అతను ప్రపంచ విజేత మాత్రం కాలేదు. తల్లి మూడుసార్లు అయింది. 2018లో ఆమె చనిపోయినప్పుడు నేను చదివిన వార్తల్లో ఆమె పరిచయం 'స్టెఫాన్ తల్లి' అనే మొదలైంది. కొడుకు తప్పు ఇందులో ఏమీ లేదు. వార్త రాసే వాక్యంలో కర్త స్థానం ఎవరికి దొరుకుతుందన్నది అతను నిర్ణయించేది కాదు.

తూర్పు జర్మనీ గురించి రాసేటప్పుడు మన దగ్గర రెండే స్వరాలు వినిపిస్తాయి. ఒకటి పూర్తిగా మెచ్చుకునేది, ఇంకోటి పూర్తిగా తిట్టేది. రెండూ నాకు సరిపోవు. 1972లో అక్కడి చట్టం మొదటి పన్నెండు వారాల్లో గర్భస్రావం స్త్రీ నిర్ణయానికే వదిలింది. పశ్చిమ జర్మనీలో 1977 దాకా భార్య ఉద్యోగం చెయ్యాలంటే అది ఇంటి బాధ్యతలకి అడ్డు రాకూడదని చట్టమే చెప్పేది. పశ్చిమాన ఫుట్‌బాల్ సమాఖ్య 1955 నుంచి 1970 వరకు తన క్లబ్బుల్లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌ని నిషేధించింది. వాల్‌ట్రావ్ట్ లాంటివాళ్ళు బిడ్డతో, ఆటతో, జీతంతో కలిసి బతకగలిగారంటే ఈ తేడాకి అందులో భాగం ఉంది. ఇది ఒప్పుకోకుండా ముందుకి వెళ్ళలేను.

కానీ అదే లైప్‌జిగ్‌లో ఇంకొక భవనం ఉంది. శారీరక సంస్కృతి, క్రీడల పరిశోధనా సంస్థ. 1974 నుంచి 'ప్రభుత్వ ప్రణాళిక అంశం 14.25' అనే పేరుతో క్రీడాకారులకి మగ హార్మోన్లు ఎంత ఇస్తే ఎంత ఫలితమో రహస్యంగా లెక్కలు వేసిన చోట్లలో అది ముఖ్యమైనది. యేనా పట్టణంలో తయారైన ఓరల్-ట్యూరినబోల్ మాత్రలు ఎంతోమంది ఆడపిల్లలకి విటమిన్లని చెప్పి ఇచ్చారు. కొందరికి పదమూడు పద్నాలుగేళ్ళు. గొంతు మారింది, ఒంటి మీద వెంట్రుకలు వచ్చాయి, నెలసరి తప్పింది, కాలేయం దెబ్బతింది. మగవాళ్ళకీ ఇచ్చారు, కానీ ఆడవాళ్ళ శరీరంలో మగ హార్మోను చూపే ప్రభావం ఎక్కువ కనుక పతకాల లెక్కలో ఆడవాళ్ళే లాభసాటి. ఏ క్లబ్బులో ఎవరికి ఏమిచ్చారని పేర్లు వెతకడం నా ఉద్దేశం కాదు. హైజర్ ఆడవాళ్ళ ఒళ్ళు తాకితేనే కందిపోతుందన్నాడు. ఈ పెద్దమనుషులు ఆ ఒళ్ళు ఎంతైనా తట్టుకుంటుందన్నారు. ఇద్దరూ ఆ ఒళ్ళు ఎవరిదో వాళ్ళని మాత్రం అడగలేదు.

దీన్ని బయటపెట్టినవాళ్ళలో ఒక స్త్రీ ఉంది. బ్రిగిటె బెరెన్‌డోంక్, తూర్పు నుంచి పారిపోయి పశ్చిమ జర్మనీ తరఫున డిస్కస్, షాట్‌పుట్ విసిరిన క్రీడాకారిణి. 1969లోనే ఈ మందుల గురించి పత్రికలో రాసింది. గోడ కూలాక భర్త వెర్నర్ ఫ్రాంకేతో కలిసి రహస్య పత్రాలు సంపాదించి 1991లో పుస్తకం వేసింది. 2000లో బెర్లిన్ కోర్టు తూర్పు జర్మనీ క్రీడల అధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కి ఇరవైరెండు నెలలు, వైద్యుడు మాన్‌ఫ్రెడ్ హోప్‌నర్‌కి పద్ధెనిమిది నెలలు శిక్ష వేసింది. రెండూ సస్పెండ్ చేసిన శిక్షలే, జైలుకి వెళ్ళక్కర్లేదు. కోర్టులో సాక్ష్యం చెప్పిన ఆడవాళ్ళ శరీరాలకి మాత్రం అలాంటి వెసులుబాటు లేదు.

1990లో దేశం కలిసింది. ప్రభుత్వ డబ్బు పోయింది, స్పాన్సర్ల కాలం వచ్చింది. ఎస్.సి. లైప్‌జిగ్ జట్టు మాత్రం వెంటనే కూలిపోలేదు. 1992లో ఐరోపా స్థాయిలో మరో కప్పు గెలిచింది. 1999 నుంచి 'హెచ్.సి. లైప్‌జిగ్' పేరుతో విడి క్లబ్బుగా నడిచింది. 2009, 2010లో వరుసగా జర్మన్ ఛాంపియన్. 2016లో జర్మన్ కప్పు. ఆ మరుసటి ఏడాదే, 2017లో, అప్పుల వల్ల మొదటి డివిజన్ లైసెన్సు దక్కలేదు, క్లబ్బు దివాలా తీసింది, మూడో డివిజన్ నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

ఇక్కడే ఆ రెండో జట్టు పేరు అవసరమైంది. 1966లో మగవాళ్ళ కప్పు గెలిచిన డి.హెచ్.ఎఫ్.కె. క్లబ్బుని గోడ కూలాక మళ్ళీ నిలబెట్టారు. ఆ జట్టు 2015లో మగవాళ్ళ మొదటి డివిజన్‌కి ఎక్కింది. స్టెఫాన్ క్రెచ్‌మార్ దాని పర్యవేక్షక మండలిలో ఉండి అండగా నిలిచాడు. జర్మన్ ఛాంపియన్ కావడం ఆ జట్టుకి దూరపు కల. అయినా స్పాన్సర్లు దొరికారు, ప్రేక్షకులు దొరికారు. పదే పదే ఛాంపియన్ అయిన ఆడవాళ్ళ జట్టుకి దొరకలేదు. నిర్వహణ లోపాలు ఉన్నాయని అంటారు, ఉండే ఉంటాయి. కానీ ఒకే ఊళ్ళో ఆడవాళ్ళు గెలిచి దివాలా తీస్తే, మగవాళ్ళు గెలవకపోయినా నిలబడితే, దాన్ని ఖాతా పుస్తకాల లోపం అని మాత్రమే అనడానికి నాకు మనసొప్పదు. పైగా ఇది లైప్‌జిగ్ ఒక్కదాని సంగతీ కాదు. 2025 వేసవిలో జర్మన్ ఆడవాళ్ళ హ్యాండ్‌బాల్‌లో అప్పటి ఛాంపియన్, లుడ్విగ్స్‌బుర్గ్ క్లబ్బు, దివాలా తీసి లీగు నుంచి తప్పుకుంది.

మధ్యలో 2021లో ఇంకొకటి జరిగింది. బల్గేరియాలో జరిగిన బీచ్ హ్యాండ్‌బాల్ పోటీల్లో నార్వే ఆడవాళ్ళు బికినీ బదులు పొట్టి నిక్కర్లు వేసుకున్నారని 1500 యూరోల జరిమానా పడింది. మగవాళ్ళు ఆ నిక్కర్లతోనే ఆడతారు. గొడవ అయ్యాక అదే ఏడు నియమం మార్చారు. 1917లో ఒంటికి ఒళ్ళు తగలకూడదన్న నియమం, 2021లో ఒంటిని కప్పుకోకూడదన్న నియమం. మధ్యలో నూటనాలుగేళ్ళు.

హెచ్.సి. లైప్‌జిగ్ మూడో డివిజన్‌లో మొదలుపెట్టినప్పుడు స్టార్ ఆటగత్తెలంతా వేరే క్లబ్బులకి వెళ్ళిపోయారు. మిగిలింది ఆ ఊరి అమ్మాయిలు, పాత పేరు. బంతి చుట్టుకొలత 54 నుంచి 56 సెంటీమీటర్లు, మగవాళ్ళ దానికంటే కొంచెం చిన్నది. ఆడే కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, మగవాళ్ళు ఆడేదీ అంతే.