పాతబడని సమీక్ష

నెలలు నిండకుండా పుట్టే బిడ్డకు మొదటి గండం ఊపిరితిత్తులతోనే. కాన్పు ముందుగా వచ్చేలా ఉన్న తల్లికి కార్టికోస్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే ఆ గండం చాలావరకు తప్పుతుందని న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో లిగ్గిన్స్, హోవీ 1972లోనే చూపించారు. మందు చవకది. ఆ తర్వాత మరికొన్ని దేశాల్లో అదే ప్రశ్న మీద ప్రయోగాలు జరిగాయి. కానీ 1989 దాకా వాటన్నిటినీ ఒకచోట చేర్చి లెక్క చూసినవారు లేరు. చూశాక తేలింది: శిశుమరణాల ముప్పు 30 నుంచి 50 శాతం తగ్గుతుందని. ఈలోగా తల్లికి ఆ ఇంజెక్షన్ అందక ప్రాణాలు పోయిన పిల్లలు వేలల్లో ఉంటారు.

ఈ లోటును బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రన్ 1979లోనే ఎత్తిచూపాడు. ప్రయోగాలన్నిటినీ విభాగాలవారీగా సమీక్షించి, ఎప్పటికప్పుడు సవరించే ఏర్పాటు లేకపోవడం వైద్యవృత్తికే మచ్చ అన్నాడు. ఆ మాటను పట్టుకుని పనిలోకి దిగినవాడు ఇయాన్ చామర్స్. గర్భిణుల వైద్యంతో మొదలుపెట్టి, 1993 నాటికి కాక్రన్ పేరుతో అంతర్జాతీయ సంస్థను నిలబెట్టాడు. ఆ సంస్థ చిహ్నంలోని అడ్డగీతలు ఆ స్టెరాయిడ్ ప్రయోగాల ఫలితాలే.

ఆలస్యానికి రోగులు చెల్లించే మూల్యం ఎంతో 1992లో అమెరికాలో జోసెఫ్ లావ్ బృందం లెక్కగట్టింది. గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ మీద 1959 నుంచి 1988 దాకా 33 ప్రయోగాలు జరిగాయి. వాళ్లు ఒక్కో ఫలితాన్నీ వచ్చిన వరుసలో పాతవాటికి కలుపుతూ, ప్రతిసారీ మొత్తం లెక్క మళ్లీ వేశారు. 1973లోనే, 8 ప్రయోగాలు, 2,432 మంది రోగుల దగ్గరే, మందు ప్రాణాలు కాపాడుతోందని తేలిపోయింది. ఆ తర్వాత మరో 25 ప్రయోగాలు, 34,542 మంది. వీరిలో ఎక్కువమంది 1980ల నాటి రెండు భారీ ప్రయోగాల్లో చేరినవారే. అవి లేకుంటే డాక్టర్లు నమ్మేవారు కాదన్న వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ ఆ పదమూడు పద్నాలుగేళ్లూ చిన్నచిన్న ప్రయోగాల్లో మందు అందని గుంపులో పడినవారికి ఏ సమాధానం చెబుతాం?

సమీక్షలు పెరిగాక ఇంకో చిక్కు బయటపడింది. 2007లో వంద సమీక్షలను పరిశీలిస్తే 23 శాతం రెండేళ్లలోపే పాతబడ్డాయి. 7 శాతమైతే అచ్చయ్యే నాటికే. అందుకే 2014లో ఆస్ట్రేలియాకు చెందిన జూలియన్ ఎలియట్, సహచరులు సజీవ సమీక్షను ప్రతిపాదించారు. తరచుగా, వీలైతే నెలనెలా, కొత్త అధ్యయనాల కోసం వెతకాలి. దొరికినదాన్ని లెక్కలో కలపాలి. నిర్ధారణ మారిందో లేదో పాఠకుడికి చెప్పాలి. ప్రశ్న ముఖ్యమైనదై, జవాబు ఇంకా తేలక, కొత్త ఆధారాలు వస్తున్నంతకాలమే ఈ కాపలా. తేలిపోయాక ఆపేయవచ్చు. నాకు ఇందులో నచ్చేది ఇదే: కొత్త ప్రయోగం ఇక అక్కర్లేదని చెప్పే వీలు దీనికే ఉంది.

అసలు పరీక్ష కోవిడ్ పెట్టింది. కోలుకున్నవారి ప్లాస్మాను రోగులకు ఎక్కించే చికిత్స మీద కాక్రన్ సజీవ సమీక్ష 2020 మేలోనే మొదలైంది. మన ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మందిపై ప్రయోగం చేసి, జబ్బు ముదరకుండా ప్లాస్మా ఆపలేదని అదే ఏడాది సెప్టెంబరులో ప్రకటించింది. తర్వాత బ్రిటన్‌లో 11 వేల పైచిలుకు రోగులతో జరిగిన ప్రయోగమూ అదే చెప్పింది. సమీక్షలో ఇవన్నీ చేరుతూ వచ్చాయి. చికిత్సా మార్గదర్శకాలు మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదు. మన దేశపు మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మేలో. అప్పటికి రెండో వేవ్ ముదిరింది. దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో బ్లడ్ గ్రూపులు, ఆసుపత్రి పేర్లు పంపుతూ కుటుంబాలు రాత్రింబవళ్లు తిరిగాయి.