ఇంటింటి రేషన్ (ఆంధ్రప్రదేశ్)

ఇంటింటి రేషన్ అనేది చౌకధరల దుకాణంలో ఇచ్చే బియ్యం, ఇతర సరుకులను వాహనాల్లో కార్డుదారుల వీధికి చేర్చేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 నుంచి 2025 వరకు నడిపిన పథకం. కుప్పం నియోజకవర్గంలోని శాంతిపురం మండలంతో సహా రాష్ట్రమంతటా అమలైంది.

నేపథ్యం: 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు అందాలి. 2023 జనవరి నుంచి కేంద్రం ఈ ధాన్యాన్ని ఉచితం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఈ-పాస్ యంత్రాలు రావడంతో సరుకు తీసుకోవడానికి వేలిముద్ర తప్పనిసరైంది.

అమలు: 2021 జనవరి 21న విజయవాడలో 9,260 వాహనాలను ప్రారంభించారు. వాటి ధరలో 60 శాతం ప్రభుత్వ రాయితీ, 30 శాతం బ్యాంకు రుణం, 10 శాతం నిర్వాహకుడి వాటా. తూకం, వేలిముద్ర రెండూ బండి దగ్గరే జరిగేవి. బండ్లు వీధి చివరే ఆగుతున్నాయని, బియ్యం పక్కదారి పడుతోందని విమర్శలు రావడంతో, 2025 జూన్ 1 నుంచి పంపిణీని మళ్లీ దుకాణాలకే అప్పగించారు. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు మాత్రం ఇంటికే ఇచ్చే ఏర్పాటు చేశారు.

వలస కార్డుదారులు: కుప్పం ప్రాంతం నుంచి చాలామంది పనుల కోసం బెంగళూరు వెళుతుంటారు. ఊళ్లో వీధికి వచ్చిన బండి వీరికి అక్కరకు వచ్చేది కాదు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ పరిధిలోకి రావడంతో, శాంతిపురం కార్డుపై బెంగళూరు దుకాణంలోనూ ధాన్యం తీసుకునే వీలు కలిగింది. అయితే అక్కడా వేలిముద్ర వేయాల్సిందే.

ఆన్‌లైన్ కొనుగోలుతో తేడా: అమెరికాలో ‘స్నాప్’ ఆహార సాయం డబ్బు రూపంలో కార్డులో జమవుతుంది. 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో మొదలైన ప్రయోగంతో, ఆ సొమ్ముతో ఆన్‌లైన్‌లో సరుకులు కొనే అవకాశం వచ్చింది. డెలివరీ రుసుముకు మాత్రం ఆ సొమ్మును వాడకూడదు. దీనికి భిన్నంగా, ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కార్డులో ఉన్నది డబ్బు కాదు, ఇన్ని కిలోలు అన్న హక్కు. 2021లో వచ్చిన ‘మేరా రేషన్’ యాప్‌లో రావలసిన కోటా, దగ్గరి దుకాణం తెలుసుకోవచ్చు కానీ సరుకు తెప్పించుకోలేరు. బండి దూరాన్ని తగ్గించింది. ఏం కొనాలో ఎంచుకునే వీలు మాత్రం ఇవ్వలేదు.