చెన్నపట్టణము నుండి కాశికి

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు చెప్పెడివారు. బాల్యమున నీ మాట విని, యిది గంగామహిమను గూర్చిన సామెత యని తలచితిని. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రమును చదివిన పిదపగాని యిది దూరమును గూర్చిన మాట యని నాకు బోధపడలేదు.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు పని చేసినవారు. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన బయలుదేరి కడప, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరిరి. గయ, కలకత్తా, జగన్నాథములు చూచుకొని 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు నెలలు దాటెను. ఆ కాలమున దూరమునకు కొలత ఆమడయు, మజిలీయును. వంటకు నీరెచట దొరకును, నదిని దాటించు పడవ గలదా, రాత్రికి నీడ గలదా యనువానిని బట్టియే ఆనాటి నడక. ఆయన దారిలోని విశేషములను వ్రాసి, మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. పిళ్ళగారు వానిని 1838లో అచ్చువేయించిరి.

తరువాత రైలుబండి వచ్చెను. 1870లో బొంబాయి, కలకత్తాలు జబ్బల్‌పూరు మీదుగా కలిసెను. 1871లో చెన్నపట్టణపు రైలుమార్గము రాయచూరు కడ బొంబాయి మార్గముతో కలిసెను. నెలలు దినములైనవి.

పిమ్మట విమానము వచ్చెను. వీరాస్వామయ్యగారు దర్శించిన ప్రయాగయందే 1911 ఫిబ్రవరి 18వ తేదీన హెన్రీ పెకే యను ఫ్రెంచివాడు ఉత్తరముల మూటతో యమునను దాటి నైనీ చేరెను. కరాచీనుండి 1932 అక్టోబరు 15న బయలుదేరిన టాటావారి తపాలా, బొంబాయి, బళ్లారుల మీదుగా మరునాడు చెన్నపట్టణము చేరెను.

నేడు చెన్నపట్టణమునకును కాశికిని ఆకాశమార్గమున సుమారు 1,400 కిలోమీటర్లు. నేరుగా పోవు విమానమునకు ఇంచుమించు రెండున్నర గంటల కాలము పట్టును. గాలి యెదురైనచో కొంత హెచ్చును, వెనుకనుండి వీచినచో కొంత తగ్గును.

దీనిని నేను నిందింపను. కాశిలో తండ్రి మంచము పట్టినాడని కబురు విన్న కొడుకు నేడు ఆ సాయంకాలమునకే తండ్రి చేయి పట్టుకొనగలడు. 1830లో నా కబురు వచ్చునప్పటికే కర్మలన్నియు ముగిసియుండును. పై సామెతకు కాలము చెల్లినందులకు సంతోషింపవలసినదే.

కాని మజిలీలతోపాటు నడిమి యూళ్లును మన యెరుకనుండి జారిపోవుచున్నవి. మేఘముల మీద పోవువానికి రెండు పట్టణములే కలవు. నడుమ నేమియు లేదు. ఒకనాడు బాటసారికి నీళ్లిచ్చిన బావి, నీడనిచ్చిన సత్రము, దాటించిన రేవు మీ గ్రామములలో నెన్నియో యుండును. వాని జాడ లెరిగినవారు మీరే. అందుచేత పెద్దలు మీ యూరి పాతబాటను గూర్చి తెలిసినంత మనుమలచేత నొక పుస్తకమున వ్రాయింపుడని వేడుచున్నాను. వీరాస్వామయ్యగారు చేసిన పనియు నిదియే గదా!