సిటీ పోలీస్ జట్టు, రహీం సాబ్ బడి

హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర చెప్పమంటే చాలామంది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌తోనో, జకార్తా బంగారు పతకంతోనో మొదలుపెడతారు. బోయిన్‌పల్లి, బొల్లారం మైదానాల్లో పిల్లలకు ఆట నేర్పిన పీఈటీని కాబట్టి నేను పోలీసు జట్టుతో మొదలుపెడతాను. మన ఊరి ఆట సత్తా దేశానికి మొదట చూపించింది వాళ్లే.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చాక తొలిసారి జరిగిన డ్యూరాండ్ కప్ ఆ ఏడాదిదే. ఢిల్లీలో ఫైనల్, ఎదురుగా మోహన్ బగాన్. మొదటి మ్యాచ్ 2-2తో తేలలేదు. మళ్లీ ఆడిస్తే మనవాళ్లు 1-0తో కప్పు పట్టుకొచ్చారు. ఇక రోవర్స్ కప్ సంగతి చెప్పాలంటే 1954 దాకా ఎవరికీ ఇవ్వలేదు. వరసగా ఐదేళ్లు! వేలమంది అభిమానులున్న కలకత్తా క్లబ్బులకు కూడా అది చేతకాలేదు. ఇటువైపు ఉన్నవాళ్లు పోలీసు శాఖలో జీతం తీసుకుంటూ ఆడేవాళ్లు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి పేర్లు మా పెద్దవాళ్ల నోట సినిమా హీరోల పేర్లంత ఇష్టంగా వినపడేవి.

ఈ జట్టు వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. వృత్తికి బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు మొదలు ఊళ్లో కొన్ని బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి ఆయనే. 1950 నుంచి భారత జట్టు శిక్షకుడు కూడా ఆయనే. ఒకే మనిషి పోలీసులనూ, దేశం జట్టునూ, ఊళ్లో పిల్లల టోర్నీలనూ చూసుకున్నారు. ఈ మూడోదాన్ని గురించి రాసినవాళ్లు తక్కువ. నాకు మాత్రం అదే అసలు విషయం.

రహీం సాబ్ పెట్టిన టోర్నీలు వింతగా ఉండేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ కుదరదు, బంతి అందగానే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకొకటి పొట్టివాళ్లకు, ఎత్తుకు హద్దు పెట్టి ఆడించేది. అన్నిటికన్నా గొప్పది బలహీనమైన కాలి టోర్నీ. కుడికాలివాటం వాడు ఎడమకాలితోనే తన్నాలి. అలవాటు కొద్దీ కుడికాలు వాడితే ఫౌల్.

నేను దీన్ని బడిలో ఆడించి చూశాను. మొదటి రోజుల్లో పిల్లలు బంతి చుట్టూ తిరిగేవాళ్లు. ఎడమవైపు వచ్చిన బంతికి కూడా రెండడుగులు పక్కకు జరిగి కుడికాలు సర్దుకునేవాళ్లు. ఆ రెండడుగుల్లోనే అవతలివాడు బంతి ఎత్తుకుపోతాడు. ఫౌల్ పడే భయంతో మెల్లగా ఎడమ చీలమండ బిగించడం, కుడికాలిమీద బరువు నిలపడం వచ్చేవి. అంతకుముందు వాళ్ల బూట్లు చూస్తే కుడిది ముందుభాగంలో తోలు లేచిపోయి ఉండేది, ఎడమది కొన్ననాటి మెరుపుతో ఉండేది. సంవత్సరం చివరికి రెండూ ఒకేలా అరిగేవి. అది చూసినప్పుడల్లా నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. పెద్ద మైదానాలూ విదేశీ శిక్షకులూ లేని రోజుల్లో, ఒక్క నిబంధన మార్చి ఆట నేర్పిన పంతులు ఆయన.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ శిక్షణలోని భారత జట్టువాళ్లు చాలామంది బూట్లు లేకుండానే దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టులో హైదరాబాదీలు ఎందరో ఉన్నారు. వాళ్లలో పోలీసు జట్టువాడు కాని కుర్రాడొకడు, సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం. ఆడింది రైడర్స్ క్లబ్ తరఫున. పోలీసుల పాత బూట్లతో ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్న సంగతి ఆయనే చెప్పేవారు. ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దె రహీం సాబ్ ఇచ్చారట. పోలీసు జట్టు ఒక్కటే గొప్పదైతే ఇలాంటి కుర్రాడు తయారయ్యేవాడు కాదు. దానికి ఎదురు నిలిచే క్లబ్బులూ, గల్లీ గల్లీకీ ఆటా ఉండబట్టే తయారయ్యాడు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక జట్టు ఆంధ్రా పోలీస్ అయింది. 1961లో మళ్లీ మోహన్ బగాన్‌నే 1-0తో ఓడించి డ్యూరాండ్ గెలిచింది. మరుసటి ఏడు జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ ఆసియా క్రీడల బంగారం తెచ్చింది. ఆ జట్టులో మన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. అప్పటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు.

తర్వాత మన ఊరి ఆట ఎందుకు తగ్గిందంటే అందరూ కలకత్తాను తప్పుపడతారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిన మాట నిజమే. మన ఊరి హబీబ్, నయీముద్దీన్ కూడా అక్కడే పేరు తెచ్చుకున్నారు. మంచి డబ్బు, నిండిన గ్యాలరీలు ఉన్నచోటికి ఆటగాడు వెళ్లడం తప్పు కాదు. వెళ్లినవాడి స్థానంలోకి ఇంకొకడు రాకపోవడమే మనకు తగిలిన దెబ్బ. పిల్లల టోర్నీలు పలచబడ్డాయి. బడుల్లో ఆట పీరియడ్‌ను లెక్కలు, సైన్సు మింగేశాయి. ఇది నేను స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని కళ్లారా చూసిన చరిత్ర.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. ఆ రాత్రి నేనూ గంతులేశాను. ఆ జట్టును 2025లో ఢిల్లీకి తరలించి పేరే మార్చేశారు. యజమాని మారితే ఊరు మారిపోయే జట్టు అది. బర్కస్ మైదానాన్నీ, బొల్లారం కుర్రాళ్లనూ మాత్రం ఎవరూ అమ్మలేరు. జిల్లా సంఘాలవాళ్లు వచ్చే వేసవి సెలవుల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బలహీనమైన కాలి టోర్నీ ఒక్కటి పెట్టాలి. దానికి బంతులూ, కుడికాలు వాడితే వెంటనే విజిల్ ఊదే రిఫరీ చాలు. పిలిస్తే విజిల్ పట్టుకుని నేనే వస్తాను.