పాటల కింద దాగిన గొంతులు

బీరువా అడుగున పడి ఉన్న పెళ్లి క్యాసెట్‌ను డిజిటల్‌లోకి మార్చుకోవడానికి మిగిలిన గడువు తక్కువ. అందులో ఏముందో, ఎలా కాపాడుకోవాలో తెలియాలంటే దాని చరిత్ర కాస్త తెలియాలి.

ముందు వినాయకుడి బొమ్మ. దాని చుట్టూ తిరిగే పూలు. ఒక పక్క నుంచి వధువు పేరు, ఇంకో పక్క నుంచి వరుడి పేరు వచ్చి తెర మధ్యలో కలుసుకుంటాయి. వెనక సినిమా పాట. తరవాత వీడియో లైటు వెలుగుకు కళ్లు చికిలించే పెద్దవాళ్లు, కెమెరా తమ దాకా రాగానే విస్తట్లోకి తల దించేసుకునే పంక్తిలోని బంధువులు. 1980ల నుంచి 2000ల తొలి ఏళ్ల దాకా తెలుగునాట వీడియో తీయించుకోగలిగిన ప్రతి ఇంటి పెళ్లీ ఇంచుమించు ఇదే వరసలో నల్లటి ప్లాస్టిక్ క్యాసెట్లోకి చేరింది.

వాటిలో రాజులు, మంత్రులు లేరు. మామూలు కుటుంబాల నడక, నవ్వు, యాస ఉన్నాయి. అంతకు ముందు తరాల వాళ్లవి మహా అయితే ఫొటోలు మిగిలాయి. అమ్మమ్మలు, తాతయ్యలు కదులుతూ, మాట్లాడుతూ మిగిలిన మొదటి చోటు ఈ క్యాసెట్టే. చాలా ఇళ్లలో అదే ఆఖరిది కూడా.

రెండంగుళాల నుంచి అరంగుళానికి

బొమ్మను అయస్కాంత టేపు మీద పట్టి ఉంచే, నిజంగా పనికొచ్చే తొలి యంత్రం 1956 ఏప్రిల్‌లో షికాగోలో జరిగిన టీవీ, రేడియో ప్రసారకర్తల సమావేశంలో బయటికొచ్చింది. తయారు చేసింది కాలిఫోర్నియాకు చెందిన ఆంపెక్స్ సంస్థ. ఆ బృందానికి నాయకుడు చార్లెస్ గిన్స్‌బర్గ్. తర్వాతి కాలంలో సినిమా హాళ్ల శబ్దంతో పేరు మోగిన రే డాల్బీ అప్పుడా బృందంలో కుర్ర ఇంజినీరు. టేపు వెడల్పు రెండంగుళాలు. యంత్రం ధర టీవీ స్టేషన్లకు తప్ప ఎవరికీ అందనంత.

అదే పని టీవీ పక్కన చేసిపెట్టే పెట్టె ఇళ్లలో పాతుకోవడానికి మరో ఇరవై ఏళ్ల దాకా పట్టింది. 1975లో సోనీ బీటామ్యాక్స్ తెచ్చింది. 1976లో జేవీసీ వీహెచ్‌ఎస్ తెచ్చింది. రెంటి టేపు వెడల్పూ అరంగుళమే. బీటా తొలి క్యాసెట్‌లో గంట పడితే వీహెచ్‌ఎస్‌లో రెండు గంటలు పట్టేది. జేవీసీ తన పద్ధతిని ఇతర కంపెనీలకూ ధారాళంగా ఇచ్చింది. చివరికి ఇళ్లలో నిలిచింది వీహెచ్‌ఎస్సే.

మన దగ్గర మలుపు 1982. ఆ ఏడాది ఆగస్టు 15న దూరదర్శన్ రంగుల్లోకి మారింది. నవంబరులో ఢిల్లీ ఏషియాడ్ వచ్చింది. రంగుల టీవీల వెంటే క్యాసెట్లు ఆడించే వీసీఆర్లూ దిగాయి. గల్ఫ్ నుంచి సెలవు మీద ఊరికొచ్చేవాళ్ల సామాన్లలో వీసీఆర్ ఒక ముఖ్యమైన వస్తువైంది. కొనలేనివాళ్లు రాత్రికి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి, వాడకట్టంతా కూర్చుని తెల్లవార్లూ సినిమాలు చూశారు. కెమెరా, రికార్డరు కలిసిపోయి భుజానికెత్తుకునే ఒకే పెట్టెగా మారేసరికి ఊళ్లలోని ఫొటో స్టూడియోల బోర్డుల మీద ‘వీడియో’ అన్న మాట కూడా చేరింది.

రీలు ఎందుకు పాడవుతుంది

మూడు గంటల క్యాసెట్‌లో సుమారు 250 మీటర్ల రీలు ఉంటుంది. అది సెకనుకు రెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే నడుస్తుంది. అంత నెమ్మదిగా నడిస్తే బొమ్మ పట్టదు. అందుకే వీసీఆర్ లోపల 62 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ, తన అంచున ఉన్న రెండు హెడ్‌లతో రీలు మీద ఏటవాలుగా గీతలు గీస్తుంది. ఒక్కో గీత వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఒక గీతలో సగం బొమ్మ, పక్క గీతలో మిగతా సగం. సెకనుకు అలాంటివి యాభై.

రీలు అంటే పాలియెస్టర్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడిని జిగురుతో అంటించిన పూత. గాలిలోని తేమను పీల్చుకుని ఆ జిగురు ఏళ్ల మీద విడిపోతుంది. పూత రాలితే బొమ్మ దాంతోనే పోతుంది. తేమ ఉన్నచోట బూజూ పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు చుట్ట అంచు మీద విభూతి చల్లినట్టు తెల్లగా కనబడేది అదే. విశాఖ నుంచి నెల్లూరు దాకా ఉన్న సముద్రపు గాలి ఈ రెంటికీ మహా అనుకూలం.

ఒకవేళ రీలు నిక్షేపంగా ఉన్నా, ఆడించే యంత్రం ఏది? జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేయడంతో ప్రపంచంలో కొత్త వీసీఆర్ అన్నది లేకుండా పోయింది. హెడ్‌లు అరిగితే వేయడానికి కొత్తవి దొరకవు. రిపేరు తెలిసిన మెకానిక్‌లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ 2015లోనే హెచ్చరించింది: 2025 లోపు డిజిటల్‌లోకి మారని టేపులు చాలావరకు దక్కవని. ఆ గడువు కూడా వచ్చేసింది.

మార్చేటప్పుడు

మొదటి పని క్యాసెట్ వీపున ఎడమ మూల ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను చూడటం. అది విరిచేసి ఉంటే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. అది విరవకపోవడం వల్ల ఎన్నో బారసాలల మీద క్రికెట్ మ్యాచ్‌లు ఎక్కాయి. విరిచిన చోట సెల్లోటేపు అంటించి మరీ సినిమాలు ఎక్కించారు. ముక్క ఇంకా ఉంటే వెంటనే విరిచేయండి. సెల్లోటేపు ఉంటే పీకేయండి.

రెండోది, బూజు కనబడితే ఇంట్లో ఆడించకూడదు. ఆ పొడి హెడ్‌లకు పట్టి రీలు తెగుతుంది, తరవాత పెట్టిన క్యాసెట్‌కూ అంటుకుంటుంది. బాగున్న క్యాసెట్‌ను కూడా ముందు ఒకసారి చివరి దాకా తిప్పి వెనక్కి చుట్టాలి. ఏళ్ల తరబడి ఒకే భంగిమలో ఉన్న రీలు బిగువు అప్పుడు సమానమవుతుంది.

ఇందులో దగ్గరి దారి లేదు. మూడు గంటల క్యాసెట్‌ను మూడు గంటలూ ఆడించాల్సిందే. దుకాణంలో పని అడిగేటప్పుడు ఇవి అడగండి: బొమ్మ వణుకును సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ ఉందా, వీసీఆర్ నుంచి కంప్యూటర్‌కు ఎస్-వీడియో కేబుల్ వాడుతున్నారా, అసలు ఫైలును కుదించకుండా ఇస్తారా. మన దగ్గర వాడిన పాల్ పద్ధతి టేపు ఫైలు 720 బై 576 చుక్కలు. అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. అక్కడి అన్నయ్య పంపిన క్యాసెట్ ఇక్కడి వీసీఆర్‌లో నలుపు తెలుపుగా గెంతులు వేసింది అందుకే. వాటిని 720 బై 480లోనే, మార్పు లేకుండా దింపుకోవాలి. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉన్న వివరమే 240 గీతలంత. 4కేకు పెంచుతామని ఎవరన్నా అంటే లేని వివరాన్ని కల్పించి ముఖాలకు మైనం పూస్తారని అర్థం. అలాంటివి కావాలంటే తరవాత ప్రతి మీద చేసుకోవచ్చు. అసలు ఫైలు జోలికి పోకూడదు.

పాట కింద మాట

పెళ్లి వీడియోల్లో మిక్సింగ్ అనే పని ఒకటుండేది. తలంబ్రాలకు ఒక పాట, బిందెలో ఉంగరం తీసేటప్పుడు ఇంకో పాట, అప్పగింతలకు ఏడిపించే పాట. కుటుంబాలూ ముచ్చటపడే అడిగేవి. ఫలితం ఏమిటంటే ఆడవాళ్లు పాడిన పెళ్లి పాటలు, వియ్యపురాళ్ల మేలాలు, అప్పగింతల వేళ తండ్రి అన్న నాలుగు మాటలు వినబడకుండా పోయాయి.

అయినా అన్నీ పోయాయని అనుకోవడానికి లేదు. మామూలు వీహెచ్‌ఎస్‌లో శబ్దం రీలు అంచున సన్నటి పట్టీగా పడుతుంది. ఆ తరవాత వచ్చిన హై-ఫై రకంలో దీనికి తోడు ఇంకో శబ్దం కూడా ఉంటుంది. అది తిరిగే డ్రమ్ము ద్వారా, బొమ్మ గీతల అడుగున, పూతలో మరింత లోతుగా పడుతుంది. ఆడియో డబ్బింగ్ మీట నొక్కి అదే క్యాసెట్ మీద పాట ఎక్కిస్తే మారేది అంచు పట్టీ ఒక్కటే. బొమ్మ చెరపకుండా అడుగు శబ్దాన్ని చెరపడం కుదరదు. కాబట్టి హై-ఫై కెమెరాతో తీసి, అదే క్యాసెట్ మీద పాట ఎక్కించి ఉంటే, వీసీఆర్ శబ్దాన్ని ‘హై-ఫై’కి మార్చగానే పాట తొలగి పందిట్లోని మాటలు వినబడతాయి. మార్చేవారిని రెండు శబ్దాలూ విడివిడిగా దింపమని అడగండి.

మిక్సింగ్ కోసం ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కించిన ప్రతిలో ఈ అదృష్టం ఉండదు. అప్పుడు మొదట తీసిన క్యాసెట్ వెతకాలి. చాలా స్టూడియోలు దాన్ని తరవాతి పెళ్లికి వాడేశాయి. కొన్ని మాత్రం పార్టీకే ఇచ్చేశాయి. అందంగా ముద్రించిన అట్ట ఉన్న క్యాసెట్ కన్నా, బాల్‌పెన్నుతో ఇంటిపేరు, తేదీ మాత్రమే రాసి ఉన్న క్యాసెట్ విలువైనది కావచ్చు. మార్చేటప్పుడు మొదటి వరసలో దాన్ని పెట్టండి.

చూపించి రాయించుకోండి

ఫైలు చేతికొచ్చాక మూడు ప్రతులు చేయాలి. రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉంచి, మూడోది వేరే ఊళ్లో ఉన్న బంధువుకు ఇవ్వాలి. పాత క్యాసెట్‌ను పారేయకండి. రేపు ఇంకా మంచి పద్ధతి రావచ్చు.

అంతటితో పని పూర్తి కాదు. తెర మీద కనబడే వందమందిలో ఎవరు ఏ ఊరు, ఏ వరస, ఆ పాట పాడింది ఎవరు అన్నది చెప్పగలిగేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరో ఇద్దరో మిగిలారు. పేరు తెలియని ముఖం మరో తరం తరవాత ఎవరికీ ఏమీ చెప్పదు. కాబట్టి ఫైలు రాగానే పెద్దమ్మనో, బాబాయినో కూర్చోబెట్టి, ఆపుతూ చూపించి, ఏ నిమిషంలో ఎవరున్నారో రాసుకోండి. వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. టేపును దుకాణం వాళ్లు మార్చి ఇస్తారు. ఈ రెండో పని మాత్రం ఇంటివాళ్లే చేయాలి.