ముందు చెయ్యెత్తినవాడిదేనా జవాబు?

మాస్టారు బోర్డు మీద లెక్క వేసి ఇటు తిరిగేలోపే చెయ్యెత్తే కుర్రాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. జవాబు తప్పైతే మాస్టారు అక్కడికక్కడే కూర్చోబెట్టేవారు. మాస్టారే లేని తరగతిలో ఏది సరైన జవాబో ఎవరు తేల్చాలి? మన పూర్వవిద్యార్థుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవారికి ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్నే. వారిలో స్టాక్ ఓవర్‌ఫ్లో తెరవనివారు అరుదు.

అమెరికాకు చెందిన జెఫ్ ఎట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ 2008 సెప్టెంబరులో దాన్ని అందరికీ తెరిచారు. ప్రోగ్రాములో చిక్కుపడ్డవారు అడుగుతారు, తెలిసినవారు చెబుతారు, చదివినవారు ఓటేస్తారు. ఓట్లు ఎక్కువ పడిన జవాబు పైకొస్తుంది. జవాబుకు అనుకూల ఓటు పడితే రాసినవారికి 10 పాయింట్లు, వ్యతిరేక ఓటు పడితే 2 కోత. అలా వ్యతిరేకంగా వేసినవారికీ ఒక పాయింటు పోతుంది. ఉబుసుపోక ఎవర్నీ కిందికి లాగకుండా పెట్టిన సుంకం అన్నమాట. ఓటు హక్కూ ఊరికే రాదు: అనుకూలంగా వేయాలంటే 15, వ్యతిరేకంగా వేయాలంటే 125 పాయింట్లు సంపాదించి ఉండాలి.

ఇంత ఆలోచించి కట్టినా తొందరగాడిదే పైచేయి అయింది. రెండు నిమిషాల్లో రెండు వాక్యాలు గిలికినవాడికి మొదటి ఓట్లు పడతాయి. పడ్డాయి కాబట్టి పైన కనిపిస్తాడు, కనిపిస్తాడు కాబట్టి ఇంకా పడతాయి. అరగంట కూర్చుని వివరంగా రాసినాయన అడుగునే ఉండిపోతాడు. కౌబాయ్ సినిమాల్లో ముందు తుపాకీ తీసినవాడి పేరే దీనికి పెట్టుకున్నారు అక్కడివాళ్లు. (మా తరానికి ‘మోసగాళ్లకు మోసగాడు’ గుర్తొస్తే తప్పులేదు.) ఓట్లు సమానమైన జవాబుల వరుసను కలగాపులగం చేసి చూపడం లాంటి ఉపాయాలు చేశారు గానీ జబ్బు పూర్తిగా పోలేదు.

ఇంకో పేచీ, అడిగినవారు పెట్టే టిక్కు. ఆ ఒక్కరు ఒప్పుకున్న జవాబు, పక్కన వందల ఓట్లు పడినది ఉన్నా, ఏళ్ల తరబడి అన్నింటికీ పైనే కూర్చునేది. కాలం మారి ఆ పద్ధతి పాతబడినా కదిలేది కాదు. 2021లో గానీ దాన్ని ఆ పీట మీంచి దించలేదు.

ప్రశ్నల సంగతి మరీ చిత్రం. మొదట ప్రశ్నకు పడిన ఓటుకూ 10 పాయింట్లే. అడగడం తేలికని 2010లో 5 చేశారు. 2019 నవంబరులో మళ్లీ 10కి తెచ్చారు. రెండుసార్లూ పాత ఓట్లన్నీ కొత్త రేటున తిరిగి లెక్కగట్టారు. అయిపోయిన ఎన్నికకు కొత్త నిబంధన! నా మటుకు 2010 నిర్ణయమే పొరపాటనిపిస్తుంది. మంచి ప్రశ్న వేయడం ఎంత కష్టమో పాఠం చెప్పినవారికి తెలుసు.

రెడిట్ వారు 2009లో వేరే దారి పట్టారు. ఒక్క ఓటు పడి అదీ అనుకూలమైతే నూటికి నూరు. వందలో 90 అనుకూలమైతే తొంభయ్యే. మరి మొదటిది గొప్పదా? 1927లో ఎడ్విన్ విల్సన్ అనే గణాంకవేత్త ఇచ్చిన సూత్రంతో, ఓట్లు ఎంత తక్కువైతే అంత అనుమానించి చూస్తే, మొదటిదానికి సుమారు 21 శాతం, రెండోదానికి 83 శాతం వస్తుంది. వ్యాఖ్యల వరుసను అలా నిర్ణయించారు. ఆలస్యంగా వచ్చిన మంచిమాటకూ పైకి రావడానికి దారి దొరికింది.

ఎన్ని మార్చినా, ఖాతా కూడా లేకుండా చదివి వెళ్లేవారి మాట మాత్రం ఏ లెక్కలోకీ రాదు. ఆ జవాబు వాళ్ల పని చక్కబెట్టిందో, రాత్రంతా తిప్పలు పెట్టిందో వాళ్లకే తెలియాలి.